పులుసు పోసిన చెయ్యి

తమ్ముడు రాసిన పుస్తకంలో చివరి అధ్యాయం చదివిన దుర్గాలక్ష్మి, బేరాలింకా తెగకుండానే చేపల తట్ట మీద గోనె కప్పేసి బజారులోంచి లేచి వచ్చేసిందని కిందటి వారం చెప్పుకున్నాం. పక్క తట్టవాళ్ళు "ఏటయ్యిందే?" అని అడిగితే ఆమె పలకలేదు. నోరు విప్పితే కోపం అక్కడే ఖర్చయిపోతుందని భయం. దాన్ని చెక్కు చెదరకుండా తమ్ముడి గుమ్మం దాకా మోసుకెళ్ళాలని ఆమె పట్టుదల.

ఈ వారమే మనతో కలిసినవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పాలి. రామాయమ్మ పూడిమడకలో పుట్టి, అనకాపల్లి చేపల బజారులో జుట్టు నెరిసిన మనిషి. పక్షవాతంతో మంచాన పడి, పోయిన వేసవిలో కన్నుమూసింది. ఆమెకి ముగ్గురు పిల్లలు. పెద్దది దుర్గాలక్ష్మి, తల్లి కూర్చున్న చోటే కూర్చుని చేపలమ్ముతోంది. రెండోవాడు త్రినాధరావు, జూనియర్ కాలేజీలో తెలుగు లెక్చరరు. ఆఖరివాడు నానాజీ, మందుల కంపెనీలో స్టాఫ్ బస్సు డ్రైవరు. తల్లి మంచాన ఉన్న నెలలన్నీ త్రినాధరావు ఇంట్లోనే ఉంది. ముగ్గురూ వంతులు వేసుకుని చూసుకున్నారు. ఆ రోజుల్నే త్రినాధరావు "అమ్మ మంచం పక్కన" అనే పేరుతో పుస్తకంగా రాశాడు. రేపు ఉదయం లైబ్రరీ హాల్లో ఆవిష్కరణ. పెద్దమనుషులు వస్తున్నారు, వాళ్ళ వెనకే శాలువాలూ వస్తున్నాయి.

దుర్గాలక్ష్మి ఐదో తరగతి దాకా చదివింది. తమ్ముడు చేతికిచ్చిన పుస్తకాన్ని కళ్ళకి అద్దుకున్నంత పని చేసి, బేరాల మధ్య ఖాళీలో అక్షరాల కింద వేలు పెట్టుకుంటూ చదివింది. పుస్తకమంతా చేపల వాసన పట్టింది. తల్లి వీపు మీద పుళ్ళు కడగడం, రాత్రిళ్ళు పక్క మార్చడం, నానాజీ ఆమెను రెండు చేతుల మీద ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టడం, అన్నీ ఉన్నాయందులో. చదువుతూ ఆమె బజారులోనే ముక్కు చీదుకుంది. "బజారు నుంచి వచ్చిన అక్క అమ్మ జుట్టు దువ్వేది" అని తన గురించి ఒక్క వాక్యమే ఉంటే దానికీ నొచ్చుకోలేదు. పుస్తకం రాసేవాడికి ఎవరి గురించి ఎంత రాయాలో తెలుస్తుందిలే అనుకుంది. చివరి అధ్యాయం దగ్గర మాత్రం ఆ మంచితనం అయిపోయింది.

తమ్ముడి ఇంటికి ఎప్పుడొచ్చినా పెరటి కుళాయి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుని గాని లోపలికి రాని మనిషి, ఆ రోజు సరాసరి వీధి గుమ్మంలోంచే వచ్చింది. ఎండ నడినెత్తిన ఉంది. తలుపు తీసిన మరదలు కుమారి ఆమె మొహం చూసి అరడుగు వెనక్కి వేసింది.

"ఈ వేళప్పుడు వచ్చేరేటి వదినా? బజారు లేదా?"

"ఉంది. నీ మొగుడున్నాడా?"

"ముందు గదిలో ఉన్నారు. రేపటికి ఉపన్యాసం రాసుకుంటున్నారు. మజ్జిగ తెమ్మంటారా?"

"మజ్జిగ తరవాత తాగుదుం. నువ్వు కూడా రా. ఆ దినం ఇంట్లో ఉన్నదానివి నువ్వే గదా."

కుమారి మొహంలో రంగు మారింది. ఏ దినమని ఆమె అడగలేదు.

ముందు గది అంటే తల్లి మంచం ఉన్న గదే. ఇప్పుడా చోట బల్ల వేశారు. గోడ వారగా ప్రెస్సు నుంచి వచ్చిన పుస్తకాల కట్టలు తాళ్ళు కూడా విప్పకుండా ఉన్నాయి. కట్ట విప్పిన పుస్తకాల మీద పెద్దల పేర్లు రాసి సంతకాలు పెడుతున్నాడు త్రినాధరావు. అక్కను చూసి సంబరంగా లేచాడు.

"రా అక్కా. చదివావా? ఎలా ఉంది?"

అతను చిన్నప్పుడు ఆమెని అందరిలాగే అప్పా అని పిలిచేవాడు. కాలేజీ చదువు అయ్యేసరికి అది అక్కా అయింది. దానికీ ఆమె ఏనాడూ ఏమీ అనలేదు.

దుర్గాలక్ష్మి నిలబడే పుస్తకం తెరిచింది. గుర్తు పెట్టుకున్న పేజీ తీసి, వేలు పెట్టి, బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు గట్టిగా చదివింది.

"అమ్మ ప్రాణం దేని మీదో కొట్టుకుంటోంది. నోట్లో ఏమీ పెట్టొద్దని డాక్టర్లు అన్నారు. కాని కొడుకుగా నాకు శాస్త్రం కన్నా అమ్మ ముఖ్యం. నెత్తళ్ళ పులుసు చెంచాతో తీసి ఆమె నాలుక మీద వేశాను. అమ్మ కళ్ళు వెలిగాయి. నన్ను చూసి నవ్వింది. చాలు నాయనా, కడుపు నిండింది అంది. అవే అమ్మ చివరి మాటలు."

చదవడం అయ్యాక పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది.

"ఆ దినం నువ్వెక్కడున్నావురా తమ్ముడూ?"

త్రినాధరావు కలం మూత కోసం వెతుక్కున్నాడు. అది అతని చేతిలోనే ఉంది.

"కాలేజీలో ఉన్నాను. పరీక్షల డ్యూటీ."

"మరి పులుసు పోసిందెవులు?"

"నువ్వే అక్కా."

"అమ్మ నవ్వింది ఎవుల్ని సూసి?"

అతను కలానికి మూత పెట్టాడు. గుమ్మం దగ్గర కుమారి కొంగు వేళ్ళకి చుట్టుకుంటూ నిలబడింది. సొమ్మొకడిది సోకొకడిది అని బజారులో రోజుకి పదిసార్లు వినే సామెత దుర్గాలక్ష్మి నాలుక చివరిదాకా వచ్చింది. తమ్ముడి మొహం చూసి మింగేసింది. ఎంత కోపమైనా ఎత్తుకు పెంచిన పిల్లవాడి మీద సామెతలు విసరడానికి చెయ్యి రాలేదు.

అసలు ఆ రోజు జరిగింది వేరు. రామాయమ్మకి మాట ముద్దగా అయిపోయి, మింగుడు పడక, ముక్కులోంచి గొట్టం వేశారు. గొట్టంలోంచే పాలూ జావా పోసేవారు. చివరి రోజుల్లో అవీ నిలవలేదు. కళ్ళు తెరవదు, అలాగని పోదు. ఇలాంటప్పుడు సముద్రం వారనున్న ఊళ్ళలో పెద్దవాళ్ళు చేసే పని ఒకటుంది. మనిషి చెవి దగ్గర కూర్చుని ఆమెకి ఇష్టమైన వాటి పేర్లు ఒక్కొక్కటీ చెబుతారు. ఏ పేరుకి ఒంట్లో కదలిక వస్తే ప్రాణం దాని మీద ఉన్నట్టు. దాన్ని తెచ్చి నాలుక మీద పెడితే మనిషి హాయిగా వెళ్ళిపోతుందని నమ్మకం. దుర్గాలక్ష్మి తల్లి చెవి దగ్గర కూర్చుని బెల్లం అంది, తాటిముంజె అంది, చద్దన్నం అంది, పూడిమడక ఇసుక అని కూడా అంది. నెత్తళ్ళు అనగానే తల్లి చూపుడువేలు దుప్పటి మీద కదిలింది.

అంతే, ఆమె బజారుకి పరుగెత్తింది. తన తట్టలో ఆ రోజు నెత్తళ్ళు లేకపోతే పక్క తట్టలోంచి అడిగి తెచ్చింది. కుమారి వంటింట్లో తనే పులుసు కాచింది. డాక్టరు వద్దన్నాడన్న సంగతి ఆమెకి తెలుసు. పోయే మనిషి నోరు కట్టడం కన్నా పెద్ద పాపం లేదనీ తెలుసు. గొట్టం పక్కనుంచే చెంచా అందించింది. పెదాలు తడిశాయి, గొంతు కదిలింది, తల్లి కళ్ళు తెరిచి కూతుర్ని చూసి నవ్వింది. ఆ తరవాత ముద్దమాటతోనే అయినా స్పష్టంగా ఒక మాట అంది.

"అమ్మ కడుపు నిండిందన్నేదురా," అంది దుర్గాలక్ష్మి ఇప్పుడు. "ఉప్పు సాల్నేదే అంది. నా వంటకి వంక పెట్టకుండా అమ్మ ఒక్క ముద్దయినా తిన్నాదేటి? పోయే ముందు కూడా వంక పెట్టే పోయింది. నేను నవ్వేను, ఏడ్సేను. ఏడాది నుంచీ ఆ మాట తల్సుకునే తట్ట ముందు కూకుంటన్నాను. దాన్ని కూడా మార్సీసేవు. అమ్మ నోట్లో నీ పుస్తకం మాట పెట్టీసేవు."

"అక్కా, ముందు నువ్వు కూర్చో."

"కూకోను."

"కూర్చో అక్కా. నేను చెప్పేది నిలబడి వినేది కాదు."

ఆ గొంతులో ఉన్నదేమిటో ఆమెకి అర్థం కాలేదు గాని కూర్చుంది. త్రినాధరావు ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు. భార్య వైపు చూశాడు. కుమారి తల దించుకుంది.

"ఆ సాయంత్రం అమ్మకి ఆయాసం వచ్చింది, గుర్తుందా?"

"ఎందుకు గుర్తుండదు? జొరం కూడా వచ్చింది. తెల్లారి ఆసుపత్రికి తీసుకెళ్ళేం."

"అక్కడ ఎక్స్‌రే తీశారు. నన్నొక్కణ్ణే లోపలికి రమ్మన్నారు. ఊపిరితిత్తిలోకి ఏదో దిగింది, నోట్లో ఏమైనా పెట్టారా అని డాక్టరు అడిగాడు." అతను కళ్ళజోడు సర్దుకున్నాడు. "పెట్టామన్నాను. ఎవరు పెట్టారు అన్నాడు. నేనే పెట్టానన్నాను."

గదిలో పంకా తిరుగుతూనే ఉంది. దుర్గాలక్ష్మి బల్ల మీది పుస్తకం వైపు చూసింది.

"లెక్చరర్ అయ్యుండి బుద్ధుందా, చేతులారా మీ అమ్మని చంపుకున్నావు అని అందరి ముందూ అరిచాడు. నర్సులు చూస్తున్నారు, నా విద్యార్థి తండ్రి ఒకాయన అక్కడే ఉన్నాడు. విన్నాను. బయటికొచ్చి నీకు చెప్పలేదు. ఎప్పటికీ చెప్పకూడదనుకున్నాను. పుస్తకం రాసేటప్పుడు పులుసు సంగతి మానేద్దామనుకున్నాను. కాని కుమారికి తెలుసు, వీధిలో కొందరికి తెలుసు. ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు నీ పేరు పెట్టి అంటారు. అందుకని నేనే పోశానని రాసేశాను. అచ్చులో పడ్డాక అదే నిజమైపోతుందనుకున్నాను."

దుర్గాలక్ష్మి తన కుడి చెయ్యి వైపు చూసుకుంది. వేళ్ళ సందుల్లో పొలుసులు ఇంకా అంటుకునే ఉన్నాయి. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న చెయ్యే. ఏడాదిగా ఆ చేతిని చూసుకుని ఆమె లోలోపల గర్వపడింది. కూతురిగా చెయ్యాల్సిన పని ఒక్కటైనా సరిగ్గా చేశానని ధైర్యం చెప్పుకుంది. తట్ట ముందు ఎవరు ఏమన్నా, అప్పుడప్పుడు ఒంట్లో ఓపిక చచ్చినా, ఆ పులుసు గుర్తొచ్చి లేచి నిలబడేది.

"అంటే," అంది, "నేనే సంపీసేనా?"

త్రినాధరావు "లేదు" అన్నాడు. కాని వెంటనే అనలేదు. మధ్యలో ఒక్క క్షణం ఆగాడు. కన్నవాళ్ళ చావు గురించి అడిగినప్పుడు "లేదు" అనే మాట ఒక్క క్షణం ఆలస్యమైతే ఇక అది ఎందుకూ కొరగాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలిసింది.

కుమారి గబగబా వచ్చి వదిన పక్కన నేల మీద కూర్చుంది. "మీరు పోస్తుంటే నేను చూస్తూనే ఉన్నాను వదినా. నేనెందుకు ఆపలేదు? ఆవిడ నవ్వుతుంటే నాకూ ఆపాలనిపించలేదు. తప్పు మీ ఒక్కరిదేనా, నాదేం లేదా?"

దుర్గాలక్ష్మి ఆమె మాట విన్నదో లేదో. ఏడవలేదు. చిత్రంగా తమ్ముడి వైపు చూసి, బజారులో తూకం తేడా వచ్చినప్పుడు అడిగే గొంతుతో అడిగింది.

"సరే. తిట్లు నా బదులు తిన్నావు. బాగుంది. నీ రుణం ఉంచుకోను. మరి ఈ పొగడ్తలు కూడా నా బదులేనేటి? ఆ నవ్వు ఎందుకు తీసుకున్నావురా? నా పేరు దాసడానికి అమ్మ నవ్వు నీకేటి పని?"

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. త్రినాధరావు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. జోడు లేకపోతే అతనిలో ఇంకా చిన్నప్పటి పిల్లవాడు కనిపిస్తాడు.

"అమ్మ గొట్టం పీకేసుకుంటోందని చేతులు మంచానికి కట్టమంది ఎవరో తెలుసా? నేనే. మెత్తటి గుడ్డతోనే కట్టించాను. అమ్మ నన్నొక చూపు చూసింది. ఆ రోజు నుంచి నేను గదిలోకొస్తే మొహం గోడవైపు తిప్పేసుకునేది. సూదులు పొడిపించిందీ నేనే, గొట్టం మార్పించిందీ నేనే, పుళ్ళు కడుగుతుంటే కసురుకున్నదీ నేనే. నువ్వు రాగానే ఆవిడ కళ్ళు వెతుక్కునేవి. నానాజీ ఎత్తుకుంటే వాడి భుజం మీద తల పెట్టేది. నాకేం మిగిలింది? రాస్తూంటే... ఆ చెంచా దగ్గరకొచ్చేసరికి... నేనే పోశాననిపించిందప్పా. కాగితం మీదైనా అమ్మ ఒక్కసారి నన్ను చూసి నవ్వాలనిపించింది. రాశాక చదువుకుని ఏడ్చాను. ఇంక కొట్టెయ్యలేకపోయాను."

అప్పా అన్న పిలుపు ఎన్నేళ్ళ తరవాత విన్నదో దుర్గాలక్ష్మికే తెలియదు. లోపల ఎక్కడో మెత్తబడింది. మెత్తబడితే పనికాదని మళ్ళీ బిగుసుకుంది. ప్రేమతో చేసిన దొంగతనమైనా దొంగతనమే కదా. పైగా తమ్ముడు దొంగిలించింది గొలుసో గాజులో అయితే ఆమె నవ్వి ఊరుకునేది.

"సూడు తమ్ముడూ," అంది నెమ్మదిగా. "నేను పోసిన పులుసు వల్లే అమ్మ పోనాదంటే, పోనాదనే రాయి. నేను పోసేనని రాయి. ఉప్పు సాల్నేదందని రాయి."

"నీకేమైనా మతిపోయిందా? రేపు హాలు నిండా జనం ఉంటారు. పేపర్లవాళ్ళుంటారు. అమ్మని చంపిన కూతురని బజారులో నీ ముందే అంటారు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందక్కా."

"పడనీ. నా కాళ్ళ మీదే గదా పడతాది."

"చేపలు కొనేవాళ్ళు కూడా..."

"కొనకపోతే కొనరు. నా మాట ఇను. మంచో సెడ్డో అది నేను సేసిన పని. తప్పయితే ఆ తప్పు నాది. పుణ్యమైతే ఆ పుణ్యం నాది. నువ్వు తప్పుతో పాటు అమ్మని కూడా పట్టుకుపోతే నాకాడ ఏటి మిగుల్తాదిరా? పులుసు నాది కాదంటే అమ్మ ఆ నవ్వు ఎవులికి నవ్వినట్టు?"

అక్క మొండితనం త్రినాధరావుకి కొత్త కాదు. తల్లి కూడా ఇంతే, ధర చెప్పాక ఒక్క రూపాయి దిగేది కాదు. కాని ఇప్పుడు తన ముందు కూర్చున్న మనిషి బేరమాడటం లేదని అతనికి తెలిసింది. ఊరంతా వేలెత్తి చూపినా సరే, తల్లి చివరి చూపు తనకి తిరిగి ఇచ్చేయమంటోంది. అది ఇవ్వనంటే ఆమె ఈ గుమ్మం ఇంకెప్పుడూ తొక్కదు.

అతను బల్ల సొరుగు లాగి తెల్ల కాగితం తీశాడు.

"పుస్తకాలు అచ్చయిపోయాయి. మార్చడం కుదరదు. సవరణ చీటీ వేయించి, ప్రతి పుస్తకంలోనూ అతికించొచ్చు. సాయంత్రంలోగా ప్రెస్సువాడు చేసిస్తాడు."

"రాయి మరి."

కలం కాగితం మీద పెట్టాడు. ఒక వాక్యం రాశాడు. రెండోది మొదలుపెట్టి ఆగిపోయాడు. కలం అక్కడే ఉండి, సిరా చుక్క పెద్దదవుతోంది. కుమారి భర్త వైపే చూస్తోంది. దుర్గాలక్ష్మి ఆ చూపు పట్టుకుంది. చేప కన్ను చూసి అది ఎప్పటిదో చెప్పే మనిషికి, మొగుడూ పెళ్ళాల మధ్య ఇంకో మాట దాగి ఉందని తెలుసుకోవడానికి ఎంతసేపు?

"ఇంకేటి దాసేవురా?"

"ఏం లేదు."

"కుమారీ, నువ్వు సెప్పు."

కుమారి కొంగుతో మొహం ఒత్తుకుంది. "చెప్పేయండి," అంది భర్తతో. "అంతా ఆవిడ మీదే పెట్టి రాయడం అన్యాయం. నేను చూస్తూ ఊరుకోలేను."

త్రినాధరావు కలం కింద పెట్టాడు. లేచి కిటికీ దాకా వెళ్ళి, అక్కడ చూడ్డానికేమీ లేనట్టు మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"డాక్టరు తిట్టాక ఇంకో మాట కూడా అన్నాడప్పా. మిషను మీద పెడదాం అన్నాడు. గొంతులోంచి పెద్ద గొట్టం వేసి ఊపిరి పోస్తారు. ఇక్కడ కుదరదు, విశాఖపట్నం తీసుకెళ్ళండి అన్నాడు. వారం రోజులు గడిస్తే నిలబడొచ్చు, ఖాయంగా చెప్పలేను అన్నాడు. నానాజీ అప్పటికే అంబులెన్సు తెచ్చి గేటు దగ్గర పెట్టుకుని ఉన్నాడు. వాడికి ఎలా తోచిందో తోచింది. ఎక్కించడమే తరువాయి."

"మరి?"

"నేను వద్దన్నాను."

దుర్గాలక్ష్మికి ఆ రోజు కళ్ళముందు మెదిలింది. వార్డు బయట చెక్కబల్ల మీద తను కూర్చుని ఉంది. తమ్ముడు లోపలి నుంచి వచ్చి, ఎవరి వైపూ చూడకుండా, "డాక్టర్లు చేతులెత్తేశారు" అన్నాడు. పుస్తకంలో కూడా అదే మాట ఉంది. తను అక్కడే నేల మీద కూలబడింది. నానాజీ గేటు దాకా వెళ్ళి వచ్చి, తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని, మర్నాడు ఆవిడ పోయేదాకా అక్కణ్ణుంచి లేవలేదు.

"డాక్టర్లు ఎత్తలేదు," అన్నాడు త్రినాధరావు. "నేనే ఎత్తేశాను. మళ్ళీ చేతులు కట్టించి, మళ్ళీ ఇంకో గొట్టం... నా వల్ల కాలేదప్పా. అమ్మ ఇంకోసారి గోడవైపు తిరగడం చూడలేకపోయాను. అది అమ్మ కోసం వద్దన్నానో, నా కోసం వద్దన్నానో ఏడాదిగా నన్ను నేనే అడుగుతున్నాను. తేలలేదు. తేలనప్పుడల్లా నీ పులుసు గుర్తొచ్చేది. పులుసు వల్లే పోయిందనుకుంటే నాకు కొంచెం నిద్ర పట్టేది."

దుర్గాలక్ష్మి వింటూ కూర్చుంది. తమ్ముడి మీద అరవాలని చూసింది, అరుపు రాలేదు. ఆ రోజు డాక్టరు తననే పిలిచి అడిగి ఉంటే తనేమనేది? తీసుకెళ్ళమనేదా, వద్దనేదా? ఎంత ఆలోచించినా ఆమెకి జవాబు దొరకలేదు. దొరక్కపోవడం ఆమెని ఇంకా భయపెట్టింది. తల్లిని ప్రేమించడంలో ముగ్గురూ ఒకరికొకరు తీసిపోలేదు. ఆ ప్రేమలో ఎవరి చెయ్యి ఎక్కడ పడిందో మాత్రం ఇప్పుడు లెక్క చెప్పడం ఎవరి తరమూ కాదు.

చివరికి ఆమె లేచి తమ్ముడి దగ్గరకొచ్చింది. చేపల చెయ్యి అని చూడకుండా అతని తల మీద పెట్టింది. అతను చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. తల్లి పోయినప్పుడు పెద్దరికంతో ఆపుకున్న ఏడుపంతా ఇప్పుడు వచ్చింది. కుమారి కూడా ఏడ్చింది. దుర్గాలక్ష్మి మాత్రం అతని ఏడుపు సగంలో ఉండగానే కాగితం అతని ముందుకి జరిపింది.

"అది కూడా రాయి."

"నీ సంగతి సరే. నువ్వు ఒప్పుకున్నావు. కాని ఇది రాస్తే..." అతను కళ్ళు తుడుచుకున్నాడు. "నానాజీకి ఏం చెప్పను? వాడు ఎక్కడెక్కడ తిరిగి ఆ బండి తెచ్చాడో. అమ్మ బతుకుతుందని మొక్కుకున్నాడు. నేను చెప్పిన ఒక్క మాట నమ్మి ఊరుకున్నాడు. నేనే వద్దన్నానని తెలిస్తే వాడు నన్ను క్షమించడు. నీలాగ కాదు వాడు. పైకి ఏమీ అనడు, లోపల తెంపేసుకుంటాడు."

"ఆడికి నేను సెప్తాను. మెల్లిగా, మీటింగయ్యేక..."

ఆమె మాట పూర్తి కాలేదు. గుమ్మం వైపు చూసిన కుమారి "అయ్యో" అని చప్పున లేచి నిలబడింది.

గుమ్మంలో నానాజీ ఉన్నాడు. పుస్తకాల కట్టలు హాలుకి చేరెయ్యడానికి ఎవరి ఆటోనో అడిగి తెచ్చుకున్నాడు. వీధిలో దాని ఇంజను చప్పుడు ఇంకా వినిపిస్తోంది. కంపెనీ యూనిఫాం కూడా మార్చుకోలేదు. ఎప్పటి నుంచి అక్కడ నిలబడ్డాడో ముగ్గురిలో ఎవరికీ తెలియదు.

"నానాజీ," అన్నాడు త్రినాధరావు.

అతను అన్న వైపు చూడలేదు. లోపలికి వచ్చి, గోడ వారనున్న కట్టల్లో పైదాన్ని ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. బరువు సర్దుకున్నాడు. రోజూ చేసే పనిలాగే చేశాడు. మళ్ళీ గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"డాక్టర్లు సేతులెత్తేసేరని నువ్వు సెప్తే," అన్నాడు, వీధిలోకే చూస్తూ, "ఆ అంబులెన్సు డ్రైవరికి దణ్ణం పెట్టి నేనే ఎనక్కి పంపీసేనన్నియ్యా. అమ్మని నా సేత్తో నేనే దింపీసినట్టయ్యింది."

"ఒరే, లోనికి రారా, కూకో," అంది దుర్గాలక్ష్మి. "నేను సెప్తాను."

"ఇప్పుడేటీ సెప్పొద్దప్పా. ఇన్నాను." అతను భుజం మీది కట్టని ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "అన్నియ్యా, రేపు మీటింగులో అందరి ముందూ నన్ను కూడా రెండు ముక్కలు మాట్టాడమన్నావు గదా. నాకు రాదు, వొగ్గీమన్నాను. ఇప్పుడు సెప్తన్నాను. నా పేరు పిలు. మాట్టాడతాను."